పవర్ సప్లై మొరాయిస్తే: ఫ్యాన్ మార్పా, కొత్త యూనిట్టా?

అమలాపురం, రాజోలు వైపు తేమగాలికి మిల్లుల ఊకదుమ్ము తోడై కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె, అంటే పవర్ సప్లైలోని ఫ్యాన్ గరగరమన్నప్పుడు, ఫ్యాన్ ఒక్కటే మార్చాలా, యూనిట్ మొత్తం మార్చాలా అన్న ప్రశ్న వస్తుంది. ఫ్యాన్ మార్పు చౌక. సాధారణంగా 12 వోల్టులది, పాతదాని కొలతలోనే, అంతే గాలి తోసేది కావాలి. అడ్డంగా పడుకున్నట్లు అమర్చే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కు స్లీవ్ బేరింగ్ (ఇరుసు నున్నని గొట్టంలో తిరిగేది) కన్నా బాల్ బేరింగ్ (చిన్న గుండ్ల మీద తిరిగేది) మేలు. అయితే ప్లగ్ తీసిన తరువాత కూడా ప్రధాన కెపాసిటర్‌లో (కరెంటును నిల్వ ఉంచే భాగంలో) 300 వోల్టులకు పైగా కొంతసేపు నిలిచి ఉండవచ్చు కాబట్టి, ఇది పని తెలిసిన మెకానిక్ చేయవలసినదే తప్ప, చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్న ప్రతివారూ చేయదగినది కాదు. కొత్త యూనిట్‌కు ఖర్చు ఎక్కువైనా పెట్టె విప్పే ప్రమాదం ఉండదు, వారంటీ కూడా వస్తుంది. కెపాసిటర్లు ఉబ్బినా, కనెక్టర్లకు చిలుము పట్టినా నేనైతే ఫ్యాన్ మీద రూపాయి పెట్టను.