దవడలో టైటానియం ప్లేటు, కాలి ఎముక: ఆరేళ్ల తర్వాత నా రివ్యూ

అమెలోబ్లాస్టోమా అనే గడ్డ వచ్చి ఎడమవైపు కింది దవడ ఏడు సెంటీమీటర్ల దాకా కోసి తీసేశారు, క్యాన్సర్ కాదు గానీ ఊరికే గీకి వదిలేస్తే మళ్లీ వస్తుందట, అందుకే చుట్టూ ఉన్న మంచి ఎముకా పోయింది.

మొదట వేసింది ఒట్టి టైటానియం ప్లేటు. ఏడాది పాటు సూపర్ అనుకున్నా, మొహం వంకర పోలేదు, బరువూ తెలీదు. తర్వాత ఓ పొద్దున పళ్లు తోముకుంటుంటే చిగురు పక్కన నాలుకకి చల్లగా నున్నగా ఏదో తగిలింది, అద్దంలో చూస్తే బూడిదరంగు మెరుపు, ప్లేటు బయటికొచ్చేసింది! స్క్రూ కూడా ఒకటి లూజు. మధ్యలో ఎముక లేకపోతే నమిలే బరువంతా లోహమే మోయాలి కదా, అది అలసిపోతుంది, ఈ ముక్క నాకు ముందే చెప్పాల్సింది, చెప్పలేదు, ఆ కోపం ఇంకా పోలేదు.

రెండోసారి కాలి నుంచి ఫిబులా, అంటే మోకాలి కింద ఉండే సన్నటి ఎముక, తీసి పెట్టారు. రక్తనాళంతో సహా తీసి, ముక్కలుగా కోసి దవడ వంపుకి తగ్గట్టు అమర్చి, నాళాన్ని మెడలోని నాళాలకి కుట్టారు. మొదటి రెండ్రోజులు గంటగంటకీ డాప్లర్, అదే రక్తం పారే చప్పుడు వినిపించే పరికరం, పెట్టి వినేవాళ్లు, ఆ హుష్ హుష్ చప్పుడు వినపడితేనే నర్సు మొహంలో నవ్వు. పైన మళ్లీ టైటానియం ప్లేటే, కానీ ఇప్పుడు దాని పని ఎముక అతుక్కునే దాకా పట్టుకోవడమే. తర్వాత ఆ ఎముకలోనే ఇంప్లాంట్లు, అంటే కట్టుడు పళ్లు నిలబెట్టే స్క్రూలు, దిగాయి, ఇప్పుడు అటువైపు కూడా నములుతున్నా. పీక్ అనే గట్టి ప్లాస్టిక్ గురించి కూడా అడిగా, ఆకారం సరిచేయడానికి బాగుంటుందట గానీ అందులో పళ్లు నిలబెట్టలేం అన్నారు.

మైనస్‌లు? ఎమ్మారై తీయొచ్చు గానీ ప్లేటు చుట్టూ బొమ్మ చెదిరిపోతుంది. కాలి బొటనవేలు సరిగ్గా ముడవలేను, నడకకి మాత్రం ఇబ్బంది లేదు. ఇంకోటి, నవ్వకండి, ఎముకతో పాటు కాలి చర్మం కూడా నోట్లో పెట్టారు కదా, అక్కడ వెంట్రుకలు మొలుస్తాయి, డెంటిస్టు కత్తిరిస్తాడు.

పెదవి కింద తిమ్మిరి అలాగే ఉంది, అది ప్లేటు తప్పు కాదు, నరం గడ్డతో పాటే పోయింది. గడ్డం గీసుకునేటప్పుడు తెగినా తెలీదు, అద్దంలో రక్తం చూసుకోవాల్సిందే.