కోర్టు ధిక్కారంపై తిరుపతిలో జూనియర్ న్యాయవాదులకు నిర్వహించిన శిక్షణ తరగతులు: సమీక్ష

తిరుపతిలోని ఒక శిక్షణ కేంద్రం జూనియర్ న్యాయవాదుల కోసం శని, ఆదివారాల్లో నిర్వహించిన తరగతులకు హాజరయ్యాను. విచారణ సాగుతుండగా కోర్టు హాలులోనే ధిక్కారం జరిగితే న్యాయస్థానం ఏం చేయాలన్నది పాఠ్యాంశం. బోధనను బట్టి చూస్తే 1,500 రూపాయల ఫీజు సమంజసమే. చేతికిచ్చిన నోట్సు గురించి మాత్రం ఆ మాట చెప్పలేను.

బోధించినవారు పదవీ విరమణ చేసిన న్యాయాధికారి. ఆయన హైకోర్టుతో కాకుండా, తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో మేము నిత్యం నిలబడే మేజిస్ట్రేటు, సివిల్ జడ్జి కోర్టులతో ప్రారంభించారు. ఈ కోర్టులు 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం కింద స్వయంగా శిక్ష వేయలేవు. అయితే విచారణలో కూర్చున్న న్యాయాధికారిని ఉద్దేశపూర్వకంగా అవమానించడం, విచారణకు అడ్డు తగలడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన శిక్షా చట్టం) 267వ సెక్షన్ కింద నేరం. భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన విచారణ విధాన చట్టం) 384వ సెక్షన్ ప్రకారం అదే రోజు కోర్టు లేచేలోపు ఆ నేరాన్ని విచారణకు స్వీకరించి, సంజాయిషీ చెప్పుకునే అవకాశమిచ్చి, 1,000 రూపాయలకు మించకుండా జరిమానా విధించవచ్చు. అది కట్టకపోతే నెలకు మించని సాధారణ జైలుశిక్ష ఉంటుంది. అంతకు మించిన శిక్ష అవసరమనిపిస్తే కేసును అధికార పరిధి గల మేజిస్ట్రేటుకు పంపాలి. క్షమాపణ చెప్పినవారిని విడిచిపెట్టే వీలు కూడా ఉంది.

ఈ తరగతుల్లో అన్నిటికంటే విలువైనది ఉత్తర్వు రాయించిన అభ్యాసం. సాక్షిని ఎదుటి పక్షం న్యాయవాది ప్రశ్నిస్తుండగా (క్రాస్) కక్షిదారు ఒకరు లేచి కేకలు వేసినట్టు నటింపజేసి, అక్కడికక్కడే రికార్డు రాయమన్నారు. ఒక మిత్రుడు "నిందితుడు అసభ్యంగా ప్రవర్తించాడు" అని రాసి ఇస్తే, ఆయన ఆ కాగితాన్ని తిప్పి ఇచ్చేశారు. "ఇది మీ అభిప్రాయం. అతను అన్న మాట ఏది? విచారణ ఏ దశలో ఆగింది? అతను ఇచ్చుకున్న సమాధానం ఏది?" అని అడిగారు. విచారణ స్వభావం, దశ, అంతరాయం లేదా అవమానం ఎలాంటిదో రికార్డులో కనిపించాలని చట్టమే చెబుతోంది. చూసినవారు, నేరం మోపేవారు, తీర్పు చెప్పేవారు ఒక్కరే అయినప్పుడు అప్పీలు కోర్టుకు ఆధారంగా మిగిలేది ఆ కాగితమే కనుక, ఈ పట్టుదల నాకు ఎంతో సబబుగా తోచింది.

సుప్రీంకోర్టు, హైకోర్టుల ఎదుట జరిగే ధిక్కారానికి వర్తించే, 1971 చట్టంలోని 14వ సెక్షన్‌ను కూడా వివరంగానే చెప్పారు. అభియోగాన్ని రాతపూర్వకంగా తెలియజేయాలి, సమర్థించుకునే అవకాశం ఇవ్వాలి, అవసరమైన సాక్ష్యం తీసుకోవాలి. ఎవరి ఎదుట ధిక్కారం జరిగిందో ఆ న్యాయమూర్తి కాకుండా మరొకరు విచారించాలని నిందితుడు నోటిమాటగానైనా కోరవచ్చు. అయితే ఇంత ముఖ్యమైన ఈ చివరి రక్షణను రెండు వాక్యాల్లో దాటేయడం నాకు అసంతృప్తి కలిగించింది. న్యాయవాదులపై చర్యల గురించి మాత్రం చక్కని చర్చ నడిచింది. అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తిపై విరుచుకుపడిన సీనియర్ న్యాయవాది వృత్తి హక్కును సుప్రీంకోర్టు 1995లో సస్పెండ్ చేయగా, ధిక్కార అధికారంతో లైసెన్సును తొలగించడం కుదరదని, అది న్యాయవాదుల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ పని అని 1998లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే తేల్చింది.

ఇక నోట్సు. కొత్త చట్టాలు 2024 జులై 1న అమల్లోకి వచ్చినా, అందులో ఇంకా పాత చట్టాల ఐపీసీ 228, సీఆర్‌పీసీ 345 సెక్షన్లు, 200 రూపాయల జరిమానా అనే ఉన్నాయి. దాన్ని నమ్మి వాదించే జూనియర్ నిండు కోర్టులో తలదించుకోవలసి వస్తుంది, అతని కక్షిదారుకు అంతకంటే ఎక్కువ నష్టం. నిర్వాహకులకు ఈ సంగతి చెప్పాను, తదుపరి బ్యాచ్‌కు మారుస్తామన్నారు. అప్పటిదాకా చేరేవారు కొత్త సంహితల బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేని చట్ట ప్రతులు) వెంట తీసుకెళ్లాలి. ఉత్తర్వు రాసే అభ్యాసం ఆదివారం మధ్యాహ్నం ఉంటుంది కాబట్టి, శనివారంతో సరిపెట్టుకుని ఊరికి వెళ్లిపోవద్దు.