మా అమ్మాయి హైజంప్ బూట్లు: నాలుగు నెలల తరువాత

నేను బడిలో ఎగిరిన రోజుల్లో ఇసుక గుంట, వెదురు కర్ర, వట్టి కాళ్లు. అందుకే ఈ స్పైక్ బూట్ల ధర చూసి గుండె గుభేలుమంది. 2012లో మన దేశపు హైజంపర్ సహనకుమారి హైదరాబాద్‌లోనే 1.92 మీటర్లు దాటి జాతీయ రికార్డు నెలకొల్పిందని చెప్పి మా వారిని ఒప్పించాను.

పరుగు బూట్లకు మేకులు ముందు భాగంలోనే ఉంటాయి. వీటికి మడమ కింద కూడా నాలుగున్నాయి. ఎగిరే ముందు చివరి అడుగులో మడమే కదా ముందు నేలను తాకేది! అక్కడ జారితే ఇక అంతే. వంపు తిరిగి పరుగెత్తేటప్పుడు పట్టు బాగుంది. అడుగుభాగం బల్లచెక్కలా గట్టిగా ఉంది, నడవడానికి మాత్రం నరకం.

మేకులు బిగించే పానా బూట్ల పెట్టెలో లేదు. అడిగితే విడిగా కొనుక్కోమన్నారు. మూడో వారానికే ఎడమ బూటు పట్టీ ఊడింది. మా వీధిలో చెప్పులు కుట్టే ఆయన వేసిన రెండు కుట్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు, కంపెనీ కుట్లే వదులవుతున్నాయి.

1987లో బల్గేరియాకు చెందిన స్టెఫ్కా కోస్తాదినోవా ఎగిరిన 2.09 మీటర్ల ప్రపంచ రికార్డును ఉక్రెయిన్ అమ్మాయి యరోస్లావా మహుచిఖ్ 2024 జులైలో పారిస్‌లో 2.10తో చెరిపేసిన వీడియోను మా అమ్మాయి రోజూ చూస్తుంది. ఒక ఎగురుకూ మరో ఎగురుకూ మధ్య ఆవిడ స్లీపింగ్ బ్యాగులో పడుకుంటుంది. ఇప్పుడు మాకూ అదొకటి కావాలట.

బూట్లకు ఐదుకు మూడున్నర. ఆ బ్యాగు మాత్రం కొనను.