ఇసుక దిబ్బల డ్రైవింగ్ నేర్పిస్తామంటే డబ్బు కట్టే ముందు ఇది చదవండి

అనంతపురం, కడప, కర్నూలు వైపు ఎవరైనా ‘ఎడారి డ్రైవింగ్ ట్రైనింగ్’ అని ఫోన్ పే కొట్టబోతుంటే, ఒక్క పది నిమిషాలు ఆగండి. నేను రెండు రోజుల కోర్సుకు 9,500, బండి డిపాజిట్ కింద ఇంకో 20,000 కట్టాను. డిపాజిట్‌లో పైసా తిరిగి రాలేదు. డబ్బు సంగతి అలా ఉంచండి. రెండో రోజు జీపు పక్కకు జారి పల్టీ కొట్టకుండా ఆగిందంటే ఆ దిబ్బ పొట్టిది కాబట్టే. ఇంకో పది అడుగులు ఎత్తుంటే ఇది రాయడానికి నేనుండేవాణ్ణి కాదేమో.

వాళ్ళ పేరు ఇక్కడ రాయను. ఫిర్యాదు నడుస్తోంది. అయినా పేరు మార్చుకోవడం వాళ్ళకు ఒక పూట పని, కాబట్టి పేరు కన్నా పద్ధతి గుర్తుపెట్టుకోండి.

మన దగ్గర ఎడారేంటని కొందరికి నవ్వొస్తుంది. అనంతపురం జిల్లాలో కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల వైపు ఒకసారి వెళ్ళి చూడండి. వేదవతిని అక్కడ హగరి అంటారు. ఏడాదిలో చాలా నెలలు నీళ్ళుండవు, ఇసుకే. ఆషాఢం గాలి మొదలైందంటే ఆ ఇసుక లేచి చేలమీద పడుతుంది. దర్గా హొన్నూరు దగ్గర దిబ్బలు నిజంగా దిబ్బలే, ఫోటో తీస్తే రాజస్థాన్ అంటే నమ్మేస్తారు. మనకు రీలుకు పనికొచ్చే ఆ ఇసుక అక్కడి రైతుకు మాత్రం పొలం మింగే శని. ఈ ముక్క ఎందుకు చెప్తున్నానో ముందుకు వెళ్తే తెలుస్తుంది.

డిసెంబర్‌లో నలుగురం జైసల్మేర్ పోదామనుకున్నాం. అక్కడ సామ్ దిబ్బల్లో సొంతంగా నడపాలని నా కోరిక. ఇక్కడే నేర్చుకుని పోదాం అనుకుంటుండగా ఈ కోర్సు వాళ్ళ వీడియో కనబడింది. డ్రోన్ షాటు, ఎగిరే జీపు, వెనక డప్పుల మ్యూజిక్. ఫోన్ చేస్తే అవతలి మనిషి ఐదు నిమిషాల్లో ‘కాన్ఫిడెన్స్’ అనే మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. రెండు రోజుల్లో కాన్ఫిడెన్స్ వచ్చేస్తుంది సార్, సర్టిఫికెట్ కూడా ఇస్తాం అన్నాడు. సర్టిఫికెట్ ఎవరిస్తారు, దానికి విలువేంటి అని అడగాలని నాకూ తట్టలేదు. మందుల షాపు నడిపేవాణ్ణి, ఎక్స్‌పైరీ డేట్ చూడకుండా ఒక్క స్ట్రిప్ చేతిలో పెట్టను. ఇక్కడ మాత్రం గుడ్డిగా సంతకం పెట్టేశాను.

ఆ సంతకం దేనికంటే, ఏం జరిగినా పూర్తి బాధ్యత నాదే అని రాసిన కాగితం మీద. బండ్లకున్నవి తెల్ల నంబర్ ప్లేట్లు. అది కూడా అప్పుడు నా బుర్రకు ఎక్కలేదు. మనమే నడుపుకునేలా అద్దెకిచ్చే బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. తెల్ల ప్లేటంటే ఎవరిదో ఇంటి బండి. దాన్ని కిరాయికి తిప్పితే ఇన్సూరెన్స్ వర్తించదని పాలసీ కాగితంలోనే ఉంటుంది. పందేలకు, స్పీడ్ టెస్టింగ్‌కు వాడినా అంతే. అంటే ఆ రెండు రోజులు మేమెనిమిది మందిమి ఏ ఆధారమూ లేని బండ్లలో తిరిగాం.

మొదటి రోజు పొద్దున ఆరుకే రమ్మన్నారు. వెళ్ళాం. ఫోటోలు, టిఫిన్, మళ్ళీ ఫోటోలు. ఇసుకలోకి దిగేసరికి పదకొండు దాటింది. నేర్పే అబ్బాయికి ఇరవై నాలుగేళ్ళుంటాయేమో, నల్ల కళ్ళజోడు, నడుముకు వాకీటాకీ. రెండోది ఎవరి దగ్గరా లేదు, మరి దాన్లో ఎవరితో మాట్లాడతాడో దేవుడికే తెలియాలి. పాఠం మొత్తం రెండు మాటలు. ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే గేరు) వెయ్యాలి, తొక్కాలి. “తొక్కన్నా, తొక్కు, భయపడొద్దు!” అంతే.

మధ్యాహ్నానికి మా జీపు ఏడుసార్లు కూరుకుపోయింది. ప్రతిసారీ అదే వరస: చక్రం గిరగిరా తిరగడం, ఇసుక వెనక్కి చిమ్మడం, బండి పొట్ట దాకా దిగడం, క్లచ్ మాడిన వాసన. పార ఒక్కటే ఉంది, అది కూడా వేరే జీపులో. ఎనిమిదోసారికి ఆ అబ్బాయి “మీకు ధైర్యం చాలట్లేదు సార్” అన్నాడు. నిజమే కాబోలు అనుకున్నాను. నాకిప్పటికీ ఎక్కువ కోపం వచ్చేది ఆ మాటకే.

అదే జీపు డాష్‌బోర్డు అరలో నీళ్ళ సీసా కోసం వెతుకుతుంటే టైర్లలో గాలి కొలిచే గేజి కనబడింది. ప్లాస్టిక్ కవర్‌లోనే ఉంది, సీలు కూడా విప్పలేదు. ఇదెందుకు అని అడిగితే “అది ఉంటుంది సార్” అన్నాడు.

సాయంత్రం వెనక్కి వస్తూ ఒక జీపు చేను గట్టు మీదుగా పోయింది. ఇసుక లోపలికి రాకుండా నాటుకున్న మొక్కల వరస అది, మోకాలెత్తు కూడా లేవు. రైతు పరుగెత్తుకుంటూ వచ్చాడు. “ఏంటికి సామీ ఇట్ల చేస్తారు? మీకు తిరిగేకి ఈ చేనే దొరికెనా? ఆ చెట్లకు కడవల్తో నీళ్ళు మోసినాము” అన్నాడు. తిట్టుంటే బాగుండేది, ఆయన తిట్టలేదు. నేర్పేవాళ్ళు ఆయనకు ఐదొందలు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ పొలంలో తిరగడానికి వాళ్ళు ఎవరినీ అడగలేదని అప్పుడు తెలిసింది.

రెండో రోజు సంగతి. ఒక దిబ్బ, మరీ పెద్దదేం కాదు, రెండు నిలువులెత్తు. ఎక్కమన్నాడు. సగం ఎక్కాక బండి ఊపిరాడనట్టు ఆగింది. “స్టీరింగ్ తిప్పు, తిప్పి దిగిపో!” అని కింద నుంచి కేక. తిప్పాను. జీపు వాలుకు అడ్డంగా నిలబడింది. ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం. తర్వాత కింది వైపు చక్రాలు దిగబడడం, నా ఎడమ పక్కన కూర్చున్న స్నేహితుడు కిందకీ నేను పైకీ అవడం, అద్దం నిండా ఇసుకే కనబడడం. చక్రాలు తిరగట్లేదు, బండి మాత్రం పక్కకు జారుతోంది. దిబ్బ అయిపోయింది కాబట్టి ఆగింది. బెల్టు పెట్టుకోమని కూడా వాళ్ళు చెప్పలేదు, అలవాటు కొద్దీ పెట్టుకున్నాం.

ఇక దాన్ని బయటికి లాగడం. ఇనుప గొలుసు తెచ్చి బంపర్ కింద ఉన్న సన్న కొక్కేనికి తగిలించారు. ఆ కొక్కెం, బండిని లారీ మీద తీసుకెళ్ళేటప్పుడు కదలకుండా కట్టడానికి ఇచ్చింది. లాగుడు బరువుకు అది తట్టుకోదు. రెండో ఊపుకే తెగి, గొలుసుతో సహా లేచి, లాగుతున్న జీపు వెనక అద్దంలోంచి లోపలికి పోయింది. నేను పదడుగుల దూరంలో ఫోన్‌లో వీడియో తీస్తున్నాను. ఆ వీడియో ఇప్పుడు నా ఫిర్యాదుకు పనికొస్తోంది, అదొక్కటే లాభం.

అద్దం, క్లచ్ ప్లేటు, ‘బాడీ వర్క్’ అని తెల్ల కాగితం మీద రాసి డిపాజిట్ మొత్తం కోసేశారు. బిల్లడిగితే పంపిస్తామన్నారు. సర్టిఫికెట్ మాత్రం అదే రాత్రి వాట్సాప్‌లో వచ్చింది, నా పేరులో రెండు తప్పులతో.

మా మేనమామది రాయచోటి దగ్గర. కువైట్‌లో పంతొమ్మిదేళ్ళు ఒక ఇంట్లో డ్రైవర్‌గా చేశాడు. చలికాలం వస్తే ఆ ఇంటివాళ్ళు ఎడారిలో గుడారాలు వేసుకునేవారట, సామాను మోసేది, మనుషులను తెచ్చేది అంతా మామే. జరిగింది చెప్తే మొదట నవ్వాడు. తర్వాత ఒకటే అడిగాడు. “గాలి ఎంత పెట్టినారు అల్లుడూ?”

“తెలీదు మామా. ఎంతుందో అంతే.”

నవ్వు ఆగిపోయింది. “గాలి తీయకుండా ఇసుకలోకి తోలినారా? వాళ్ళకు నేర్పేకి ఏం తెలుసప్పా!”

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం తెల్లారేసరికి నన్ను తీసుకుపోయాడు. ఒక్క బండితో ఇసుకలోకి పోకూడదని రెండు బండ్లు. బీడు పొలం, తెలిసినవాళ్ళది, ముందురోజే అడిగి పెట్టాడు. పొద్దున చల్లదనానికి ఇసుక కాస్త గట్టిగా ఉంటుంది, ఎండెక్కే కొద్దీ వదులవుతుంది, అందుకే ఆ వేళ. ఆ కోర్సు వాళ్ళు మమ్మల్ని పదకొండుకు దింపడం ఎంత తెలివితక్కువ పనో అప్పుడర్థమైంది.

బండి దిగి గేజి పెట్టి చూశాడు, టైర్లో గాలి 32 పీఎస్‌ఐ. వాల్వు నొక్కి పట్టుకుంటే బుస్సుమని గాలి పోతోంది. మధ్యమధ్య కొలుస్తూ 16 దగ్గర ఆపాడు. టైరు కింద పొట్ట పెట్టింది, ఒంటె పాదంలాగా. నేల మీద ఆనే జాడ పొడుగయింది. బరువు అంత మేరా పరుచుకుంటుంది కాబట్టి చక్రం ఇసుకను తవ్వదు, పైన తేలుతుంది. మరీ పదికి దిగితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొస్తుందని, పని అయ్యాక మళ్ళీ గాలి నింపకుండా తారురోడ్డెక్కితే టైరు వేడెక్కి పగులుతుందని చెప్పాడు. అందుకే గాలి పంపు కూడా వెంట ఉండాలి. దుబాయ్ సఫారీకి పోయొచ్చినవాళ్ళను అడగండి, దిబ్బలకు ముందు బండ్లన్నీ ఆపి గాలి తీసే సంగతి వాళ్ళే చెప్తారు.

మామ మొదటి రోజంతా ఒక్క దిబ్బ కూడా ఎక్కనివ్వలేదు. చదును ఇసుకలో కదలడం, ఆగడం. బ్రేకు తొక్కకుండా ఆగాలి, యాక్సిలరేటర్ వదిలేస్తే ఇసుకే ఆపుతుంది. బ్రేకు తొక్కితే చక్రం ముందు ఇసుక కుప్ప పడి, మళ్ళీ కదిలేటప్పుడు అదే అడ్డం. ఆగితే ముక్కు పల్లానికి ఉండాలి. స్టీరింగ్ లోపల బొటనవేళ్ళు పెట్టకూడదు, చక్రం దేనికైనా తగిలి స్టీరింగ్ గిర్రున తిరిగితే వేలు విరుగుతుంది. ఇదే ఇరవైసార్లు చేయించాడు. నాకు విసుగొచ్చింది. చక్రం జారడం మొదలైతే చటుక్కున కాలు తీయమంటాడు, నేను అలవాటు కొద్దీ తొక్కుతాను, చేతిమీద ఒకటి వేస్తాడు. నలభై రెండేళ్ళ వయసులో దెబ్బలు తిన్నాను.

మధ్యాహ్నం దాకా ఇదే. తర్వాత ఒకసారి కూరుకున్నాను, మామ ఏం చెప్పకముందే కాలు తీసి, దిగి, చక్రాల వెనక ఇసుక తోడి, వచ్చిన జాడలోనే వెనక్కి వచ్చేశాను. ఆయన బీడీ కాలుస్తూ చూస్తున్నాడు, ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక తట్టింది, ఆ పూట నాకు టెన్షనే లేదని.

తర్వాతి ఆదివారం దిబ్బలు. ప్రతి దిబ్బా ముందు నడిచి ఎక్కి అవతల ఏముందో చూశాకే బండి. గాలి తగిలే వైపు వాలు తక్కువ, ఇసుక గట్టి. అవతలి వైపు ఇసుక జారిపడి నిలిచిన వాలు, ముప్పై రెండు, ముప్పై నాలుగు డిగ్రీలుంటుంది. ఎక్కినా దిగినా నిటారుగానే. సగంలో ఆగిపోతే స్టీరింగ్ తిప్పకుండా, రివర్స్ గేరులోనే, వచ్చిన దారినే తిన్నగా దిగాలి. నన్ను తిప్పమని అరిచాడు చూడండి ఆ అబ్బాయి, సరిగ్గా ఆ పని చేస్తేనే బండ్లు పల్టీ కొడతాయట. ఒకవేళ పక్కకు జారడం మొదలైతే ముక్కును పల్లం వైపు తిప్పి కాస్త యాక్సిలరేటర్ ఇవ్వాలి. భయంతో చేయి పైకే తిప్పుతుంది, అందుకే ముందు చిన్న వాలు మీద ఆరుసార్లు చేయించాడు.

మీరు ఎక్కడైనా కోర్సులో చేరేటట్టయితే డబ్బు కట్టకముందే బండి ఫోటోలు పంపమనండి, ప్లేటు రంగు చూడండి. గేజి, గాలి పంపు, బండికొక పార, లాగడానికి సాగే తాడు, దాన్ని తగిలించడానికి ఛాసిస్‌కు బిగించిన కొక్కెం ఉన్నాయేమో అడగండి. లాగడానికి గొలుసు బయటికి తీస్తే దూరం జరగండి. ఆ నేల ఎవరిది, వాళ్ళను అడిగారా అని కూడా కనుక్కోండి. డిపాజిట్ ఏ లెక్కన కోస్తారో రాసివ్వమనండి. ఇవ్వకపోతే అక్కడితో ఆపేయండి, బేరాలొద్దు.

ఇప్పటికే డబ్బు పోయినవాళ్ళుంటే, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. దాంతో తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాలి. సంతకం పెట్టేశాం కదా అని వదిలేయకండి. నేనూ పెట్టినవాణ్ణే, అయినా వేశాను. కట్టిన స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ మెసేజీలు, ఆ తెల్ల కాగితం బిల్లు, అన్నీ దాచండి.

మొన్న మా స్నేహితుడొకడు కొత్త కస్టమర్‌లాగా వాళ్ళకు ఫోన్ చేశాడు. బ్యాచ్‌లు ఇంకా నడుస్తున్నాయి, రేటు 11,000 అయింది. ఇసుకలోకి దిగే ముందు టైర్లలో గాలి ఎంతకు దించుతారని అడిగాడట.

“గాలెందుకు దించడం సార్, మావన్నీ కొత్త టైర్లు” అన్నారట.