గుడికి కొన్న డోలు మిషన్: హారతికి సరే, మేళానికి బదులంటే కుదరదు

ఒంగోలు చుట్టుపక్కల ఇప్పుడు చాలా గుళ్ళలో కనిపిస్తోంది కదా, ముఖమండపంలో ఓ మూల ఇనుప ఫ్రేము, దానికి రెండు డోళ్ళు, గంటలు, తాళాలు, కింద చిన్న మోటారు. మా ఊరి శివాలయానికీ అదే కొన్నాం. 30 వేలు దాటింది. చందాల్లో నా డబ్బులూ ఉన్నాయి కాబట్టి రాస్తున్నా, కొనబోయే కమిటీల వాళ్ళకి పనికొస్తుంది.

స్విచ్ వేస్తే మోగుతుంది. హారతి టైముకి గంట కొట్టడానికి ఎవరన్నా పిల్లాడు దొరుకుతాడా అని పూజారి గారు బయటికి తొంగిచూసే పని తప్పింది. ఆదాయం లేని చిన్న గుడికి ఇది నిజంగా సాయమే, కాదనను.

ఇక మోత సంగతి. మా మండపం చిన్నది, పైన శ్లాబు, ఆ శబ్దం అందులోనే తిరుగుతుంటుంది. "ఏందయ్యా ఈ రొద, మంత్రం ఒక్క ముక్క వినపడనియ్యట్లా" అని ఓ పెద్దావిడ హారతి కాకముందే బయటికొచ్చి కూర్చుంటోంది. స్పీడు తగ్గించే ఏర్పాటు మేం కొన్నదాంట్లో లేదు. సముద్రం గాలికి బోల్టులు తుప్పు పట్టాయి, బెల్టు వదులైపోయి డోలు ఒక దారి, తాళం ఒక దారి అయింది. అమ్మినాయన ఫోన్ చేసిన ప్రతిసారీ మనిషిని పంపిస్తానంటాడు, మనిషి మాత్రం రాడు. చివరికి మా ఊళ్ళో మోటార్లకి వైండింగ్ చేసే కుర్రాడే బాగు చేశాడు. కరెంటు పోతే మళ్ళీ చేతిగంటే.

వీటికన్నా నాకు మండింది అమ్మేటప్పుడు చెప్పిన మాటకి. "ఇది పెట్టుకుంటే మేళం ఖర్చు మిగిలిపోద్ది సార్" అన్నాడు. కమిటీలో సగం మంది తలూపారు. పండగలకి వచ్చే సన్నాయి మేళాన్ని ఆ ఏడు పిలవలేదు.

ఈ మాట మన జిల్లాలో అనడం ఇంకా విడ్డూరం. సన్నాయి (నాదస్వరం) విద్వాంసులు షేక్ చినమౌలానా గారు పుట్టింది ఒంగోలు పక్కనే ఉన్న కరవదిలో, 1924లో. తంజావూరు బాణీ నేర్చుకుని శ్రీరంగంలో స్థిరపడ్డారు, రంగనాథుడి సన్నిధిలో వాయించారు, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఆయన శిష్యులు మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఊరి పక్కన అంత విద్య పుట్టింది, మనం మాత్రం మోటారు తెచ్చుకుని సంబరపడుతున్నాం.

సన్నాయి పొద్దున భూపాళ రాగం, ఊరేగింపులో మల్లారి అనే ఊరేగింపు బాణీ, పవళింపు సేవకి నీలాంబరి రాగం వాయిస్తుంది. కళ్ళు మూసుకుని విన్నా గుళ్ళో ఏం జరుగుతోందో తెలిసిపోయేది. మిషన్‌కి పొద్దున్నా రాత్రీ ఒకటే దరువు. మెమరీ కార్డులో సన్నాయి రికార్డింగులు వేసి స్పీకర్‌తో ఇచ్చే మోడల్ కూడా ఉందిట. అదీ అంతే, పల్లకీ మలుపు దగ్గర ఆగితే పాట ఆగదు.

అలాగని తప్పంతా మిషన్ మీద వెయ్యలేను. ఒకప్పుడు మేళం వాళ్ళకి గుడి తరఫున సర్వీసు మాన్యం ఉండేది. చాలాచోట్ల ఆ భూములు చేతులు మారాయి, ఉన్నచోట కౌలు సరిగా రాదు. పోనీ పెళ్ళిళ్ళున్నాయి అనుకుంటే బ్యాండొచ్చింది, తర్వాత డీజే వచ్చింది, ఇప్పుడు తాళి కట్టేటప్పుడు గట్టిమేళం కూడా పెన్‌డ్రైవ్‌లోంచే. సన్నాయి అంటే ఊపిరితో పని, ఏళ్ళ తరబడి సాధన చేస్తే గానీ పలకదు. ఇంత కష్టపడి నేర్చుకున్న మనిషికి పండగ రోజున మనం ఇచ్చేది డీజే వాడికిచ్చే దాంట్లో నాలుగో వంతు, పైగా బేరం. వాళ్ళ పిల్లలు ఆటో నడుపుతున్నారంటే, సెల్ షాపులో చేరారంటే తప్పెవరిది? తిరుపతిలో టీటీడీ వాళ్ళు నాదస్వరం, డోలు నేర్పే పాఠశాల నడుపుతున్నారు. బాగుంది, కానీ నేర్చుకుని బయటికొచ్చిన కుర్రాడిని పిలిచే గుళ్ళుండాలి కదా.

రేటింగ్ అంటే హారతి గంటగా అయిదుకి మూడు. కొనేవాళ్ళు స్టీల్ ఫ్రేము ఉన్నదే తీసుకోండి, స్పీడు రెగ్యులేటర్ అడగండి, స్విచ్ గర్భగుడి గడప దగ్గర పెట్టించండి, సర్వీస్ సంగతి కాగితం మీద రాయించుకోండి. ఆ బడ్జెట్ వేసే రోజే శివరాత్రికీ కార్తీకానికీ మేళం డబ్బులు విడిగా తీసి పక్కన పెట్టండి, లేకపోతే తర్వాత ఎవరూ పెట్టరు. మా కమిటీలో అయితే వచ్చే శివరాత్రికి మేళం పిలుద్దామన్నారు గానీ, అడ్వాన్సు ఎవరిస్తారన్న దగ్గర ఆగింది.