వెస్ట్‌లేక్ స్టేషన్, సియాటిల్: బస్సుల కోసం తవ్విన సొరంగంలో రైలు

సియాటిల్ నడిబొడ్డున పైన్ స్ట్రీట్ కింద, 3వ అవెన్యూ నుంచి 6వ అవెన్యూ దాకా పరుచుకున్న స్టేషన్ ఇది. ఎయిర్‌పోర్టు నుంచి లైట్ రైల్లో డౌన్‌టౌన్‌కి వచ్చేవాళ్లు చాలామంది ఇక్కడే దిగుతారు. రైళ్లు బాగా తిరుగుతాయి, గోడల మీది బొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి, ఎస్కలేటర్ సంగతి మాత్రం మీ అదృష్టం. 5కి 3.5 ఇవ్వచ్చు. తగ్గించిన మార్కుల్లో ఎక్కువ భాగానికి కారణం ఒక్కటే: దీన్ని కట్టింది రైలు కోసం కాదు, బస్సుల కోసం.

వెస్ట్‌లేక్ ఉన్న సొరంగం, డౌన్‌టౌన్ ట్రాన్సిట్ టన్నెల్, 1990 సెప్టెంబర్ 15న వాడకంలోకి వచ్చింది. పొడవు 1.3 మైళ్లు, స్టేషన్లు అయిదు. వీధుల్లో బస్సుల మీద బస్సులు నిలిచిపోతుంటే వాటిని భూమి కిందికి దించుదామన్నది ఆలోచన. సొరంగంలో డీజిల్ పొగ కుదరదు కాబట్టి ఇటలీ కంపెనీ బ్రెడా దగ్గర మధ్యలో మడతపడే 236 జంట బస్సులు తయారు చేయించారు. ఊళ్లో డీజిల్ మీద నడుస్తాయి. సొరంగం మొదట్లో ఆగి, నెత్తి మీది కడ్డీలు లేపి, కరెంటు తీగలు అందుకుని లోపలికి వెళ్తాయి. రెండు ఇంజన్ల సరంజామా మోయాలి కాబట్టి బాగా బరువైన బండ్లు. 2005కల్లా వాటి స్థానంలో హైబ్రిడ్ బస్సులు వచ్చేశాయి.

అసలు విశేషం కింద ఉంది. ఎప్పటికైనా రైలు వస్తుందని 1990లోనే రోడ్డులో పట్టాలు కూడా వేసి ఉంచారు. ముందుచూపుకి మెచ్చుకోవాల్సిందే, కానీ ఆ పట్టాల మీద ఒక్క ప్రయాణికుల రైలు కూడా నడవలేదు. కారణం కరెంటు. ట్రాలీ బస్సుకి, అంటే తీగల కరెంటు మీద నడిచే బస్సుకి, పైన రెండు తీగలుంటాయి. కింద రబ్బరు టైర్లు కాబట్టి కరెంటు ఒక తీగలోంచి వచ్చి రెండోదాంట్లోంచి వెనక్కి పోవాలి. రైలుకి పైన ఒక్క తీగే. వాడుకున్న కరెంటు ఇనుప చక్రాల గుండా పట్టాల్లోకి దిగి సబ్‌స్టేషన్‌కి చేరుతుంది. పట్టాకీ కాంక్రీటుకీ మధ్య ఇన్సులేషన్ సరిగ్గా లేకపోతే అందులో కొంత నేలలోకి జారిపోయి, దగ్గర్లో ఉన్న నీటి పైపుల వెంటో, కాంక్రీటులోని చువ్వల వెంటో దారి చూసుకుంటుంది. ఆ డీసీ కరెంటు లోహాన్ని వదిలి తడి మట్టిలోకి దిగే చోటల్లా లోహం కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. 1990 నాటి పట్టాలకి తగిన ఇన్సులేషన్ పెట్టలేదు.  చివరికి పాత పట్టాలు పీకేసి కొత్తవి వేయక తప్పలేదు.

అందుకే 2005 సెప్టెంబర్ నుంచి 2007 సెప్టెంబర్ దాకా, రెండేళ్లు, సొరంగం మొత్తం మూసేశారు. అప్పుడే రోడ్డు మట్టాన్ని సుమారు 8 అంగుళాలు కిందికి దించారు. రైలు నేల, ప్లాట్‌ఫారం ఒకే ఎత్తులో ఉంటేనే వీల్‌చైర్, స్ట్రోలర్, పెద్ద సూట్‌కేసు ఎత్తకుండా లోపలికి దొర్లించగలం. వెస్ట్‌లేక్‌లో ఈరోజు గడప దాటినట్టు రైలెక్కుతున్నామంటే ఆ 8 అంగుళాల పుణ్యమే. స్టేషన్‌కి తూర్పున పైన్ స్ట్రీట్ కింద ఓ చిన్న మొండి సొరంగం కూడా తవ్వారు, రైళ్లు వెనక్కి తిరగడానికి. తర్వాత యూనివర్సిటీ వైపు లైన్ మొదలైంది అక్కడి నుంచే.

2009 జూలై 18న రైలు వచ్చింది. వెస్ట్‌లేక్ అప్పట్లో ఉత్తరపు చివరి స్టేషన్. ఎయిర్‌పోర్టు దాకా పొడిగించింది అదే ఏడాది డిసెంబర్ 19న. బస్సులూ రైళ్లూ ఒకే దారిలో, ఒకే ప్లాట్‌ఫారానికి రావడం మొదలైంది ఆ జూలైలోనే, వినడానికి బాగుండే ఏర్పాటు. ముందు బస్సు కదిలితే తప్ప వెనక రైలుకి సిగ్నల్ పడదు. ఒక్క బస్సులో వీల్‌చైర్ కట్టడానికి రెండు నిమిషాలు పట్టినా వందలమంది ఉన్న రైలు సొరంగంలో ఆగాలి. 2012 సెప్టెంబర్‌లో డౌన్‌టౌన్ ఉచిత బస్సు జోన్ ఎత్తేశాక బస్సెక్కేటప్పుడే డబ్బులు కట్టాల్సి వచ్చింది, ఆలస్యం ఇంకా పెరిగింది. ఈ కాపురం 2019 మార్చి 23 దాకా సాగి, ఆ రోజు నుంచి సొరంగం పూర్తిగా రైళ్లదైంది. రైళ్లు వేళకి రావడంలో తేడా అప్పటి నుంచే కనబడింది.

బస్సుల రోజుల గుర్తు ప్లాట్‌ఫారం మీద ఇప్పటికీ ఉంది. రెండు ప్లాట్‌ఫారాలూ చెరో పక్కన, మధ్యలో అంత వెడల్పు ఖాళీ. ఆగిన బస్సుని వెనకది దాటిపోవడానికి వదిలిన జాగా అది. దీనివల్ల కొత్తవాళ్లకి ఒక ఇబ్బంది. తప్పు పక్కకి దిగితే పట్టాలు దాటి అటు వెళ్లే వీల్లేదు, మళ్లీ పైన మెజనైన్‌కి (వీధికీ ప్లాట్‌ఫారానికీ మధ్య అంతస్తు) ఎక్కి అటువైపు దిగాలి. కాబట్టి మెజనైన్‌లోనే బోర్డు చదివి దిగండి. క్యాపిటల్ హిల్, యూనివర్సిటీ వైపైతే నార్త్‌బౌండ్, లిన్‌వుడ్ సిటీ సెంటర్ అని ఉంటుంది. ఎయిర్‌పోర్టుకైతే సౌత్‌బౌండ్, ఫెడరల్ వే అని ఉంటుంది. ఫెడరల్ వే దాకా లైన్ 2025 డిసెంబర్‌లో తెరిచారు కాబట్టి పాత ఫొటోల్లో అప్పటి చివరి స్టేషన్ యాంగిల్ లేక్ పేరు కనబడితే కంగారు పడొద్దు. ఇదంతా 1 లైన్. లేక్ వాషింగ్టన్ మీది తేలే వంతెన దాటి వచ్చే 2 లైన్‌ని కూడా ఈ పట్టాల మీదే నడిపేలా రూపొందించారు. అందుకని రైలు మీది అంకె చూశాకే ఎక్కండి. వంతెన చేరే దారిలో పట్టాల కింద వేసిన కాంక్రీటు దిమ్మలు నాసిగా తేలి మళ్లీ వేయాల్సి రావడంతో ఆ లైన్‌కి ఏళ్ల ఆలస్యం జరిగింది. బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లో ఉండే మనవాళ్లు దాని కోసం ఎదురుచూసినంతగా ఇంకెవరూ చూసి ఉండరు.

టికెట్ వ్యవహారం తేలిక. 2024 ఆగస్టు 30 నుంచి ఎంత దూరమైనా పెద్దవాళ్లకి 3 డాలర్లే. 18 ఏళ్లు దాటని పిల్లలకి ఉచితం. 65 దాటినవాళ్లు రీజినల్ రెడ్యూస్డ్ ఫేర్ పర్మిట్ అనే తగ్గింపు ఛార్జీ కార్డు చేయించుకుంటే 1 డాలర్. అమ్మానాన్నలు ఆరు నెలలకి వచ్చినప్పుడు ఆ కార్డు చేయించడం మర్చిపోవద్దు. గేట్లు ఉండవు కదా అని నేరుగా దిగిపోతే తనిఖీలో దొరుకుతారు. ప్లాట్‌ఫారానికి దిగేముందే ఓర్కా కార్డు (ఇక్కడి బస్సులకీ రైళ్లకీ డబ్బులు వేసుకుని వాడే కార్డు) రీడర్‌కి తాకించాలి. దూరాన్ని బట్టి ఛార్జీ ఉన్న రోజుల్లో దిగాక కూడా తాకించాల్సి వచ్చేది, ఇప్పుడు అక్కర్లేదు. ఓర్కాతో అయితే 2 గంటల్లోపు బస్సుకి మారినా రైలు ఛార్జీ లెక్కలోకొస్తుంది. మిషన్‌లో తీసుకున్న కాగితం టికెట్ బస్సులో చెల్లదు.

ఇక ఎస్కలేటర్లు. సొరంగం స్టేషన్లన్నిటిలోనూ పెద్ద ఫిర్యాదు ఇదే. 1990 నాటి యంత్రాలు, రోజంతా ఆగకుండా తిరుగుతాయి. వాటితోపాటు సొరంగం కూడా 2022లో కౌంటీ చేతి నుంచి లైట్ రైలు నడిపే సంస్థ సౌండ్ ట్రాన్సిట్ చేతికి వచ్చింది. మార్చే పని మొదలుపెట్టారు గానీ అది ఏళ్ల పని. రెండు పెద్ద సూట్‌కేసులతో వస్తే ఎస్కలేటర్ని నమ్ముకోకుండా నేరుగా లిఫ్ట్ వైపు వెళ్లండి. ప్లాట్‌ఫారం నుంచి మెజనైన్‌కి, అక్కడి నుంచి వీధికి, రెండు విడతలుగా ఎక్కాలి. మెజనైన్ నుంచి నార్డ్‌స్ట్రామ్ షాపులోకీ వెస్ట్‌లేక్ సెంటర్ మాల్‌లోకీ తలుపులున్నాయి, వాన రోజుల్లో హాయి. అవి షాపుల వేళల్లోనే తెరిచి ఉంటాయి, రాత్రయితే వీధి దారే. బాత్‌రూమ్ అవసరమైతే స్టేషన్లో వెతుక్కోవద్దు, మాల్ పైకి వెళ్లండి.

మాల్ పైఅంతస్తులోనే 1962 వరల్డ్ ఫెయిర్‌కి కట్టిన మోనోరైల్ ఎక్కచ్చు, స్పేస్ నీడిల్ దగ్గర దింపుతుంది. అమెజాన్ టవర్లకి నాలుగు బ్లాకుల నడక. సౌత్ లేక్ యూనియన్ స్ట్రీట్‌కార్ కూడా ఆ దగ్గర్లోనే బయల్దేరుతుంది.

దిగీదిగగానే పరిగెత్తకుండా ప్లాట్‌ఫారం గోడల మీది మూడు పెద్ద మ్యూరల్స్ ఓసారి చూడండి. ఫే జోన్స్, జీన్ జెంట్రీ మెక్‌మాన్, రోజర్ షిమొమురా వేసినవి. వాటి పక్కన గ్రానైట్ చూసి ముచ్చటపడేవాళ్లకి ఒక కబురు: 1980ల చివర్లో ఈ స్టేషన్లకి కొన్న రాయిలో దక్షిణాఫ్రికాది ఉందని బయటపడి, అక్కడ అపార్థీడ్ (నల్లవాళ్ల మీద జాతి వివక్ష పాలన) రోజులు కావడంతో ఊళ్లో పెద్ద గొడవే జరిగింది.

రైలు ఆలస్యమైతే కారణం చాలాసార్లు వెస్ట్‌లేక్‌లో ఉండదు. దక్షిణాన రెయినియర్ వ్యాలీలో 1 లైన్ మార్టిన్ లూథర్ కింగ్ వే మధ్యలో, నేల మీదే, కార్ల కూడళ్లు దాటుతూ పోతుంది. అక్కడ ఏ కారో ఎడమవైపు తిరుగుతూ రైలుకి అడ్డం పడితే ఆ దెబ్బ లైన్ మొత్తానికి తగులుతుంది. ఎయిర్‌పోర్టుకి మామూలుగా 40 నిమిషాలు, విమానం ఉంటే ఇంకో అరగంట చేతిలో ఉంచుకోండి. రైళ్లు ఆగిపోయాయని ప్రకటన వినబడి, మీరు వెళ్లాల్సింది డౌన్‌టౌన్‌లోనే అయితే కింద నిలబడొద్దు. పైకెక్కి 3వ అవెన్యూకి వెళ్లి దక్షిణం వైపు పోయే బస్సెక్కండి. సింఫనీ, పయొనీర్ స్క్వేర్ స్టేషన్ల నెత్తి మీదుగానే పోతుంది.