లాలాజలంతో జన్యు పరీక్ష: తిరుపతి నుంచి ఒక సమీక్ష

లాలాజలం పంపితే రాబోయే జబ్బుల సంగతి చెబుతామనే జన్యు పరీక్ష కిట్లను నాకూ, మా నాన్నగారికీ కలిపి బైరాగిపట్టెడలోని మా ఇంటికి తెప్పించాను. సేవ విషయంలో లోపమేమీ లేదు. అరగంట ముందు నుంచి ఏమీ తినకుండా, తాగకుండా ఉండి, గీత వరకు గొట్టం నింపి కొరియరుకు ఇస్తే చాలు. నివేదిక చెప్పిన గడువులోనే వచ్చింది.

నివేదికలో ఎక్కువ పుటలు మధుమేహానికి, ఊబకాయానికి కేటాయించారు; తక్కువ పనికివచ్చేవీ అవే. ఇటువంటి కిట్లలో జన్యువులను చదవడానికి వాడే చిప్పు సుమారు 300 కోట్ల అక్షరాల జన్యురాశిలో కొన్ని లక్షల చోట్లను మాత్రమే చదువుతుంది, వాటికీ జబ్బులకూ సంబంధం చూపిన అధ్యయనాలలో అత్యధికం ఐరోపా మూలాల వారిపై జరిగినవి. ఇంట్లో ఇద్దరు పెద్దలకు చక్కెర జబ్బు ఉన్నవానికి ముప్పు 'కొంచెం ఎక్కువ' అని చెప్పడానికి ఇంత ఖర్చు అక్కరలేదు.

మెచ్చుకోదగినది మందుల భాగం. స్టెంటు వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ అనే మందు ఒంట్లో పనిచేయాలంటే సీవైపీ2సీ19 అనే ఎంజైము దాన్ని మార్చాలి. ఆ ఎంజైము మందగించే జన్యురూపం దక్షిణాసియావాసులలో అరుదు కాదు, నాన్నగారి నమూనాలోనూ కనిపించింది. గుండె డాక్టరుగారు నివేదికను శ్రద్ధగానే చూసి, మందు ఆపవద్దనీ, ముందు ఆసుపత్రి ల్యాబులో మళ్లీ పరీక్ష చేయించి నిర్ధారించుకుందామనీ అన్నారు.

అసలు కావలసినది మాత్రం ఇందులో లేదు. మాది ఆర్యవైశ్య కుటుంబం. మావారిలో కొందరికి పుట్టుకతోనే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము కొరవడుతుందనీ, అటువంటివారికి ఆపరేషనులో కండరాలను సడలించడానికి వాడే, ఆ ఎంజైమే విచ్ఛిన్నం చేయవలసిన మందు సక్సినైల్‌కోలిన్ ఇస్తే నిమిషాల్లో తేరుకోవలసిన కండరాలు గంటల తరబడి కదలక, అంతసేపూ వెంటిలేటరుపై ఉంచవలసి వస్తుందనీ మత్తు డాక్టర్లకు తెలిసిన విషయమే. మా పిన్నికి జరిగింది అదే. ఆ ఎంజైముకు సంబంధించిన జన్యువు ప్రస్తావన నివేదికలో ఎక్కడా లేదు. ఎంజైము స్థాయిని చూడడానికేమో రక్తపరీక్ష ఒక్కటి చాలు.

'దోషం కనబడలేదు' అన్న మాటనూ ఆచితూచి చదవాలి. 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇటువంటి కిట్లే అమ్మే ట్వంటీత్రీ అండ్ మీ సంస్థకు అనుమతించిన బీఆర్‌సీఏ (రొమ్ము క్యాన్సరు ముప్పుతో ముడిపడిన జన్యువుల) క్యాన్సరు పరీక్ష, ఆ జన్యువులలోని వేలాది మార్పులలో అష్కెనాజీ యూదులలో (మధ్య, తూర్పు ఐరోపా మూలాల యూదులలో) తరచుగా ఉండే మూడింటినే చూసేది. వంశంలో రొమ్ము క్యాన్సరు ఉన్నవారు ఇటువంటి కిట్టు కొనే బదులు జన్యు వైద్య నిపుణుని సలహాతో ఆ జన్యువులకు పూర్తి పరీక్ష చేయించుకోవాలి.

ఆ సంస్థ నుంచే 2023లో సుమారు 69 లక్షల మంది సమాచారం బయటకు పోయింది. 2025 మార్చిలో అది దివాలా రక్షణ కోరింది. అందుకే పరిశోధనకు సమ్మతి అడిగిన గడిని ఖాళీగా వదిలాను. నమూనాను నాశనం చేయమని కోరే మార్గం మా కిట్టు సంస్థ వెబ్‌సైటులో ఎంత వెతికినా దొరకలేదు. మందుల భాగాన్ని విడిగా అమ్మితే, అమ్మకు కూడా తెప్పిస్తాను.